ధర్మపురి పెరట్లో కొండచీపురు

బెంగుళూరు నుంచి సేలం వెళ్ళే పెద్దరోడ్డు మీద కృష్ణగిరి దాటాక ఎర్రమట్టి చేలు, మామిడి తోపులు, దూరంగా రాతిగుట్టలు కనిపిస్తాయి. అదే మా ధర్మపురి సీమ. పూర్వం ఈ ఊరి పేరు తగడూరు. 1965లో సేలం జిల్లా నుంచి విడదీసి దీన్ని ప్రత్యేక జిల్లా చేశారు. 2004లో ఇందులోంచి కృష్ణగిరి జిల్లా వేరుపడింది. ఈ రెండు జిల్లాల్లోనూ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. మాదీ అలాంటి ఇల్లే.

చుట్టాలు వస్తే హొగెనకల్ జలపాతం చూపిస్తాం. ఓపికున్నవాళ్ళను తీర్థమలై కొండ ఎక్కిస్తాం. కొన్నాళ్ళుగా మా పెరడు కూడా చూసి వెళ్ళమంటున్నాను. అక్కడ గులాబీలూ లేవు, క్రోటన్లూ లేవు. మామిడిచెట్టు పక్కన నిలువెత్తు దాటిన గడ్డిదుబ్బు ఒకటి ఉంది. వెదురాకుల్లాంటి వెడల్పాటి ఆకులు, సన్నని గెడల్లాంటి కాడలు. మాఘమాసం వచ్చేసరికి ప్రతి కాడ చివరా నెమలి కుంచెలా కంకి వేలాడుతుంది. గాలి వీస్తే దుబ్బంతా ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ నెమ్మదిగా లేస్తుంది. అదే కొండచీపురు. మన ఇళ్ళలో నున్నటి గచ్చు మీద ఊడ్చే మెత్తని చీపురు ఈ కంకులతో కట్టినదే. చీపురు తెలియని ఇల్లు ఉండదుగాని, దాని మొక్కను చూసినవాళ్ళు మాత్రం తక్కువ. ధర్మపురిలో మరీ తక్కువ. ఇక్కడ వాడేది కొబ్బరి ఈనెల చీపురు, ఈతాకు చీపురు.

దీని పుట్టిల్లు తూర్పు కనుమలు, ఈశాన్య రాష్ట్రాల కొండలు, నేపాల్, ఆ పైన ఆగ్నేయాసియా. శాస్త్రజ్ఞులు థైసనొలీనా అంటారు. ఆ ప్రజాతిలో ఉన్న జాతి ఇదొక్కటే. విదేశాల్లో టైగర్ గ్రాస్ అనే పేరుతో అందం కోసం తోటల్లో పెంచుతారు. మన అరకు, పాడేరు వైపు గిరిజనులకు మాత్రం ఇది అందం ఒక్కటే కాదు, సంక్రాంతి వెళ్ళాక చేతికి వచ్చే నాలుగు రూపాయలు. 1956లో విశాఖపట్నంలో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అడవి సరుకులతో పాటు కొండచీపుర్లనూ కొంటూ వచ్చింది.

మా మరిది పాడేరు దగ్గర ఉద్యోగం చేసే రోజుల్లో, ఒక రైతు గట్టు మీదనుంచి అడిగి తీసుకున్న రెండు పిలకలను తడి గోనెపట్టాలో చుట్టి, సేలం దాకా రైల్లోనూ అక్కడినుంచి బస్సులోనూ మోసుకొచ్చాడు. "వదినా, ఇది అడిగేది తక్కువ, ఇచ్చేది ఎక్కువ" అన్నాడు. ఆ తక్కువ కూడా ఈ ఊళ్ళో ఎక్కడినుంచి తేవాలా అని నేను ఆలోచనలో పడ్డాను.

ఎందుకంటే అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. వాన ఎక్కువ, ఎండ తక్కువ. ధర్మపురిలో ఏడాదికి సుమారు 850 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదీ చాలావరకు ఆగస్టు నుంచి నవంబరు లోపల. మిగతా నెలలు బోరుబావే గతి. ఆ బోరునీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడు. పళ్ళు గారపట్టిన పిల్లలను, నడుము వంగిపోయిన పెద్దలను ఈ జిల్లాలో చూస్తూ పెరిగాం. నల్గొండ వాళ్ళకు ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు. కావేరి నీటిని శుద్ధిచేసి రెండు జిల్లాలకూ అందించే హొగెనకల్ తాగునీటి పథకం 2013లో ప్రారంభమైంది. అలా వచ్చిన నీళ్ళను గడ్డికి పొయ్యడానికి ఎవరికి చేతులొస్తాయి?

పక్కింటి ఆవిడ గోడ మీదనుంచి చూసి ఆ మాటే అడిగింది. "ఏమక్కా, మనుషులకే నీళ్ళు చాలకపోతే పుల్లుకు పోస్తావా?" తమిళంలో పుల్లు అంటే గడ్డి. మన చెవికి పుల్ల అన్నట్టే ఉంటుంది. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అందుకని మంచినీళ్ళు చుక్క కూడా పొయ్యకూడదని ఇంట్లో నియమం పెట్టుకున్నాం. బియ్యం కడిగినవి, పప్పు కడిగినవి, కూరలు కడిగినవి కలిపితే రోజుకు రెండు బక్కెట్ల నీళ్ళు అవుతాయి. సబ్బు కలవని ఆ నీళ్ళే దాని వాటా.

ఇక మిగిలింది కొండను కాస్త పెరట్లోకి తేవడం. కొండ మీద ఈ గడ్డికి దొరికేవి మూడు. చెట్ల వారనుండే సగం నీడ, ఏళ్ళ తరబడి రాలిన ఆకుల మెత్తని పొర, నీరు నిలవని వాలు. అందుకే మామిడికి తూర్పుపక్కన చోటు చూశాం. ఉదయపు ఎండ తగులుతుంది, మధ్యాహ్నపు ఎండను చెట్టు కాస్తుంది. ఆషాఢంలో అడుగున్నర లోతు గుంట తీసి, సగం ఎర్రమట్టి, సగం మాగిన పశువుల ఎరువు వేసి, చుట్టుపక్కల కంటే జానెడు ఎత్తుగా మట్టి పోశాం. పిలకల కాడలను అడుగు ఎత్తుకు కత్తిరించి, ఒకదానికొకటి ఆరడుగుల ఎడంగా నాటాం. రాలిన మామిడాకులను తగలబెట్టడం మానేసి మొదళ్ళ చుట్టూ బెత్తెడు మందాన కప్పాం. ఆ ఆకులపొర కింద మట్టి వేసవిలోనూ చల్లగా ఉంటుంది. పోసిన నీళ్ళు రెండుమూడు రోజుల దాకా నిలుస్తాయి.

మొదటి వేసవిలో వడగాలికి ఆకుల కొసలు మాడి గోధుమరంగుకు తిరిగాయి. వాన పడగానే అడుగునుంచి కొత్త పిలకలు పొడుచుకొచ్చాయి. రెండో ఏడు సంక్రాంతి వెళ్ళాక కంకులు వేశాయి.

అందం కోసం కంకులను అలాగే ఉంచెయ్యాలనిపిస్తుంది. కాని ఈ గడ్డికి కోతే ఆయుష్షు. కంకి ఆకుపచ్చ వదిలి లేత ఎరుపు తిరిగినప్పుడు కొడవలితో కొయ్యాలి. ఎట్టి పరిస్థితిలోనూ పీకకూడదు. కొండల్లో ముందు ఎవరికి దక్కుతుందోనన్న పోటీలో వేళ్ళతో లాగేస్తే దుబ్బే చచ్చిపోతుంది, మరుసటి ఏడు చీపురూ ఉండదు, వాలు మీద మట్టీ నిలవదు. ముదిరిన కాడలను కూడా కోత తర్వాత మొదటికంటా తీసేస్తే కొత్త పిలకలకు వెలుతురు తగులుతుంది. కోసిన కంకులను ఎండబెట్టి, నేలకు కొట్టి పొట్టు రాల్చి, బిగించి కడితే చీపురు సిద్ధం. విత్తనం రాలకముందే కోస్తాం కనుక గడ్డి పక్కవాళ్ళ చేలకు పాకుతుందన్న భయం లేదు. అందం కోసం తెచ్చిన ఫౌంటెన్ గ్రాస్ అనే మరో గడ్డి హవాయి దీవుల్లో అదుపు తప్పి, అడవి మంటలకు ఇంధనమైంది. పరాయి మొక్కను తెచ్చినవాళ్ళు దాన్ని గమనిస్తూ ఉండక తప్పదు.

పరాయి గడ్డి అన్నానుగాని, ఈ మట్టికి అది కొత్త అతిథి ఏమీ కాదు. తగడూరును ఏలిన అదియమాన్ పూర్వులు చెరకును తమిళ దేశానికి తెచ్చారని, అవ్వైయార్ పాటల్లో ఒకటి చెబుతుంది. చెరకూ గడ్డిజాతే. అది వచ్చినదని ఇప్పుడు ఎవరికి గుర్తు? తోట మీద మమకారం కూడా ఈ ఊరికి పాతదే. 1792లో బారామహల్ కంపెనీ వాళ్ళ చేతికి వచ్చాక థామస్ మన్రో 1799 దాకా ఈ ప్రాంతంలో పనిచేశాడు. ధర్మపురిలో తాను పెంచిన తోట గురించి ఇంటికి రాసిన ఉత్తరాల్లో మక్కువగా చెప్పుకున్నాడు. తర్వాత దత్తమండలాలకు కలెక్టరుగా వెళ్ళి, మన రాయలసీమ వాళ్ళకు కథల్లో మనిషయ్యాడు.

కొండచీపురు దుబ్బును నాలుగైదేళ్ళకొకసారి తవ్వి విడదీయాలి. లేకపోతే నడుమ భాగం గొడ్డుపోతుంది. అయిదో ఏట మాది విడదీసినప్పుడు పదకొండు ముక్కలయ్యాయి. మొదటి ముక్క అడిగి తీసుకున్నది పక్కింటి ఆవిడే. ఇప్పుడు బియ్యం కడిగిన నీళ్ళు గోడకు రెండు వైపులా గడ్డికే పోతున్నాయి. ఆమె ఇంట్లో తమిళం తప్ప మరో మాట వినపడదు. అయినా దాన్ని అందరూ "కొండచీపురు" అనే పిలుస్తారు. అడిగినవాళ్ళకు ఆమె మనవడు "కొండ అంటే మలై" అని అర్థం కూడా చెబుతాడు. బళ్ళో తెలుగు అక్షరం దిద్దని మా పిల్లలకు కూడా ఒక తెలుగు మాట ఇలా రోజూ కళ్ళెదుట పెరుగుతోంది.

మంచు గడ్డకట్టే దేశాల్లో ఉన్నవారు దీన్ని పెద్ద కుండీలో పెంచి, చలికాలంలో లోపలికి తెచ్చుకోవాలి. దగ్గర ఊళ్ళ వాళ్ళకు ఆ శ్రమ లేదు. వచ్చే ఆషాఢంలో దుబ్బు మళ్ళీ విడదీస్తాం. పిలక కావలసినవారు తడి గోనెపట్టా ఒకటి తెచ్చుకుంటే చాలు.