ఇరవై నాలుగు ఏనుగులు

బతుకమ్మ పండుగకు మా కాలనీ ఆడవాళ్లం చందాలు వేసుకుంటాం. శామీర్‌పేట చెరువు దగ్గరే కనుక సద్దుల బతుకమ్మనాడు మా వీధి సందడి అంతా ఇంతా కాదు. ఇంటికొక కానుక ఇవ్వడం కూడా ఆనవాయితీ. ఒక ఏడు స్టీలు డబ్బా, ఇంకో ఏడు ప్లాస్టిక్ బుట్ట. కిందటేడు ఆ కానుకలు కొనే పని నా నెత్తిన పడింది.

“ఈసారి డబ్బాలూ బుట్టలూ వద్దు. మన అడవిబిడ్డల చేతిపని ఏదైనా ఇద్దాం” అని నోరుజారింది నేనే. ఆ మాట అనకపోతే ఇంత కథ జరిగేదే కాదు.

మా ఎదురింటి వదినె కమిటీకి పెద్ద. ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది.

“ఏదన్న తే గని వదినా, ఇరవై నాలుగూ ఒక్క తీరుగనె ఉండాలె. ఒకరికి పెద్దది, ఒకరికి చిన్నది వచ్చిందనుకో, దీపావళి దాక అదే ముచ్చట.”

న్యాయమైన మాటే అనిపించింది. ఒక్కొక్కటి 250 రూపాయల లెక్కన 24 ఇళ్లకు 6,000 చేతిలో పెట్టారు.

నగరంలో ఒక పెద్ద దుకాణంలో నా కంటికి ఇత్తడి ఏనుగులు కనపడ్డాయి. మెడలో చిన్న చీటీ: ‘ఆదిలాబాద్ డోక్రా, ఆదివాసుల చేతిపని’. ధర 300. నేను ఊరుకుంటానా? అరగంట బేరమాడి 250కి దించాను. ఇంటికి తెచ్చి ఇరవై నాలుగింటినీ భోజనాల బల్లమీద వరసగా నిలబెట్టాను.

“పోలీసు పెరేడులా ఉందే!” అన్నారు మా వారు కళ్లజోడు సవరించుకుంటూ.

మా అమ్మాయి ఇక్కడే నల్సార్‌లో న్యాయశాస్త్రం చదువుతోంది. శనివారం కదా, హాస్టలు నుంచి వచ్చింది. ఒక ఏనుగును ఎత్తి చూసింది. పక్కదాన్ని ఎత్తింది. ఆపైన చివరిదాన్ని.

“అమ్మా, వీటన్నిటికీ ఎడమ చెవి కింద ఒకే గీత ఉంది.”

“ఉంటే?”

“ఉండకూడదు. డోక్రాలో ఒక అచ్చుకు ఒక్క బొమ్మే వస్తుంది.”

అప్పుడు చెప్పింది. ముందు బంకమట్టితో లోపలి బొమ్మ చేస్తారట. మైనాన్ని సన్నని దారాల్లా తీసి దానిమీద చుట్టి, కళ్లూ చెవులూ నగలూ అన్నీ ఆ మైనంతోనే తీరుస్తారు. దానిపైన మళ్లీ మట్టి పూత. ఆరాక కాలిస్తే మైనం కరిగి బయటికి పోతుంది. అది ఖాళీచేసిన చోట కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక పైమట్టిని పగలగొడితే బొమ్మ బయటపడుతుంది. కొట్టిన కొబ్బరికాయ మళ్లీ అతకనట్టే ఆ అచ్చు మళ్లీ పనికిరాదు. మొహెంజొదారోలో దొరికిన నాట్యకత్తె బొమ్మ కూడా ఈ పద్ధతిలో పోసిందేనట. అంటే నాలుగువేల ఏళ్ల పైమాట!

మన దగ్గర ఆ పని చేసేవాళ్లు ఓజా కళాకారులు. కుమురం భీం జిల్లా జైనూర్ మండలంలో ఉషేగాం వంటి ఊళ్లలో ఉంటారు. గోండుల పూజలకు కావలసిన ఇత్తడి వస్తువులు తరతరాలుగా వాళ్ల చేతులమీదే తయారవుతున్నాయి. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

“మరి ఆ గుర్తు చూసి కొంటే సరిపోతుందా?” అన్నాను.

“గుర్తు ఊరి పేరు చెబుతుందమ్మా, కూలి ఎంత ముట్టిందో చెప్పదు. అది మనమే అడగాలి.”

అక్కడితో ఆగిందా? ఆస్ట్రేలియా ముచ్చట ఎత్తుకుంది. అక్కడి ఆదివాసుల బూమరాంగులు, ఊదే వాద్యాలు అంటూ ఒక కంపెనీ 18,000కు పైగా వస్తువులు అమ్మిందట. తీరా చూస్తే అవన్నీ ఇండోనేషియాలో చేయించినవి! 2019లో అక్కడి కోర్టు 23 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది.

“ఆ జరిమానా సర్కారుకు పోతుంది. ఆ బొమ్మలు నిజంగా చేయవలసిన మనిషికి ఏమొచ్చింది?” అన్నారు మా వారు.

నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లారి దుకాణానికి వెళితే రసీదు కింద అక్షరాలు చూపించారు: ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’. పోపుల డబ్బాలో దాచుకున్న 6,000 తీసి కమిటీ డబ్బులో కలిపాను. ఏనుగులు నా సొంతమయ్యాయి.

మా అమ్మాయి ఎవరెవరినో అడిగి ఉషేగాం వైపు కళాకారుడొకరి ఫోన్ నెంబరు సంపాదించింది. నేనే మాట్లాడాను.

“ఏనుగులు ఇరవై నాలుగు, పండుగ లోపల కావమ్మా. వానలు పడుతున్నయి. మట్టి ఆరొద్దా?” అన్నాడాయన.

“పోనీ, అన్నీ ఒకేలా ఉంటే చాలు.”

ఆయన నవ్వాడు. “నేను చేసిందే మళ్ల అట్లనె చెయ్యమంటె నాతోనే కాదమ్మా. చిన్న గంటలైతె చేసిస్త. అవి గూడ దీపావళి ముందటికే. ఒక్కోటి 350 పడుతది.”

అలవాటు ఊరుకోదు కదా! “కాస్త తగ్గించి చెప్పండి” అన్నాను.

అవతల ఒక క్షణం మాట లేదు. తరవాత కోపం లేకుండానే లెక్క చెప్పాడు. ఇంత ఇత్తడి, ఇంత మైనం, ఇంత కట్టె. మైనం చుట్టేది ఇంటామె, మట్టి పిసికేది కొడుకు, పోసేది తను.

“ఇందుల ఏది తగ్గియ్యమంటరమ్మా?”

నా దగ్గర జవాబు లేదు. దుకాణాలవాళ్లు ఎంతిస్తారని అడిగాను. “ఉద్దెర తీసుకపోతరు. అమ్ముడుపోయినంక ఇస్తరు” అన్నాడు. సగం డబ్బు, 4,200, ముందే పంపిస్తానన్నాను గాని, ఇంటికి వంద చొప్పున అదనం ఎవరిస్తారు? పండుగనాటికి కానుక లేదని ఎవరికి చెప్పను?

ఆ సాయంత్రం కమిటీ ముందు అంతా ఒప్పుకున్నాను. ఏనుగు చెవి కింద గీత కూడా చూపించాను. కొందరు గొణిగారు. “కానుక లేని పండుగేంది?” అందొకావిడ. చివరికి ఎదురింటి వదినె కొంగున ఉన్న వంద నోటు తీసి బల్లమీద పెట్టింది. “దొంగ ఏనుగు కన్న ఆలస్యపు గంట నయం. కని అన్నీ ఒక్క తీరుగ లేకపోతె జవాబు నువ్వే చెప్పాలె.”

సద్దులనాడు చెరువుగట్టున మా బతుకమ్మలన్నీ వరసగా దిగాయి. ఒకటి నిండా తంగేడు, ఒకటి రంగులద్దిన గునుగు, ఇంకొకటి బంతిపూలతో పక్కకు ఒరిగి ఉంది. నేను వదినె చెవిలో అన్నాను:

“మీ బతుకమ్మ మాదానికన్నా జానెడు ఎత్తుంది వదినా. దీపావళి దాకా ఈ ముచ్చట పెట్టనా?”

ఆవిడ నావైపు, బతుకమ్మలవైపు చూసి, “ఓసినీ!” అని వీపున ఒక్కటి చరిచింది.

అన్నమాట ప్రకారం దీపావళికి నాలుగు రోజుల ముందు పార్సిల్ ఆదిలాబాద్ వైపు బస్సులో మేడ్చల్ దాకా వచ్చింది. మా వారు వెళ్లి తెచ్చారు. గడ్డిలో చుట్టిన ఇరవై నాలుగు గంటలు. ఒకదానిమీద పిట్ట, ఒకదానిమీద ఒట్టి గీతలు, ఇంకొకదానికి పిడి కాస్త వంకర. చీటీలు వేద్దామన్నారు. వదినె ఒప్పుకోలేదు. ఒక్కొక్కటే చెవి దగ్గర మోగించి చూసి, ఆ వంకర పిడి గంటనే ఏరుకుంది. “దీని గొంతు బాగున్నది” అంది. ఎవరూ పోట్లాడలేదు.

మిగతా సగం డబ్బు ఆరోజే పంపించాను.

ఏనుగులు ఇరవై మూడు ఇంకా మా అటకమీద ఉన్నాయి. ఇరవై నాలుగోది మా వారి బల్లమీద కాగితాలు ఎగిరిపోకుండా కాస్తోంది. నేను సంచీ తీసుకుని బజారుకు బయలుదేరినప్పుడల్లా ఆయన పేపరు చాటునుంచి అంటారు:

“చెవి కింద గీత చూసి మరీ కొను!”