బంగారం కాని బంగారు వాచీ

మనవాళ్ళకి పచ్చగా మెరిసేది ఏం చూపించినా మొదటి ప్రశ్న ఒకటే, "బంగారమేనా?". రెండోది "ఎన్ని గ్రాములు?". పాత వాచీల దగ్గర ఈ రెండు ప్రశ్నలూ దండగని నా గట్టి అభిప్రాయం. ఈమధ్య ఆ అభిప్రాయాన్ని మా ఇంటి ఓనరు గారింట్లో, ఓ పెద్దావిడ ముందు నిలబెట్టుకోవాల్సి వచ్చింది.

మా ఓనరు రిటైర్డ్ హెడ్మాస్టరు. నేను మాస్టారూ అంటాను, ఆయన బాబూ అంటారు. 1968లో ఆయన పెళ్ళికి మావగారు పెట్టిన వాచీ ఒకటుంది. ఒమేగా సీమాస్టర్, ఆటోమేటిక్. మావగారి తమ్ముడు ఓడలో పనిచేస్తూ సింగపూరులో కొని తెచ్చాడట. మనవలు అమెరికాలో ఉన్నారు, వాళ్ళ చేతులకి స్మార్టు వాచీలున్నాయి. 2025లో తులం లక్ష దాటిందని టీవీలో చూసినప్పట్నించీ మాస్టారికి దీన్ని అమ్మేద్దామన్న ఆలోచన మొదలైంది. నాకు పాత వాచీల పిచ్చి ఉందని తెలుసు కాబట్టి ముందు నన్నే అడిగారు.

ఆయన దగ్గర లెక్క రెడీగా ఉంది. బంగారం కొట్లో గీటురాయి మీద గీస్తే బంగారమే అన్నారట. బెల్టు తీసి తూస్తే ముప్ఫై రెండు గ్రాములట. "లోపల మిషను బరువు తీసేద్దాం బాబూ, నేనేం అన్యాయంగా అడగను" అన్నారు. ఆ తర్వాత అసలు బాంబు పేల్చారు. "డయలు మచ్చలు పడింది కదా, ఒకాయన కేసుకి పాలిష్ పెట్టి, డయలుకి కొత్త రంగేసి అద్దంలా చేసిస్తానన్నాడు. రేపు ఇచ్చేస్తా."

బ్యాకప్ లేని డేటాబేస్ మీద ఎవరో డిలీట్ కొట్టబోతుంటే ఎలా ఉంటుందో అలా అయింది నాకు. ముందు ఆ పని ఆపించి, భూతద్దం (వాచీ రిపేరువాళ్ళు కంటికి తగిలించుకునేది) తెచ్చుకుని కూర్చున్నాను.

గీటురాయి అబద్ధం చెప్పలేదు. కాకపోతే అది పైపొర సంగతే చెబుతుంది. ఈ వాచీ గోల్డ్ క్యాప్డ్. అంటే స్టీలు కేసు మీద బంగారు రేకు తొడిగారన్నమాట. పూత వేరు, తొడుగు వేరు. మామూలు పూత పది, ఇరవై మైక్రాన్లుంటే ఎక్కువ. తొడుగు అంతకి ఎన్నో రెట్లు మందం. అందుకే రాయి మీద గీత పడింది. కొమ్ముల (బెల్టు పట్టుకునే నాలుగు కాళ్ళు) లోపలి వైపు చూస్తే రేకు ఎక్కడ ఆగిందో సన్నటి గీత కనిపిస్తుంది, దాని కింద తెల్లటి స్టీలు. వెనక మూత పూర్తిగా స్టీలే. మొత్తం బంగారమైతే మూత లోపల స్విస్ ముద్ర ఉండాలి. ఆ రోజుల్లో 18 కేరట్లకి హెల్వేషియా తల, 14 కేరట్లకి ఉడుత బొమ్మ. ఇందులో ఏదీ లేదు.

ఇక గ్రాముల లెక్క. తొడుగు వంద మైక్రాన్లనుకుందాం. వాచీ పైభాగం, పక్కలూ కలిపి పది చదరపు సెంటీమీటర్లు వేసుకున్నా లోహం 0.1 ఘన సెంటీమీటరు. 14 కేరట్ల సాంద్రత సుమారు 13, అంటే 1.3 గ్రాములు. అందులో అసలు బంగారం 58 శాతం చొప్పున ముప్పాతిక గ్రాము. ముప్ఫై రెండు ఎక్కడ, ముప్పాతిక ఎక్కడ!

మాస్టారు లెక్కల మనిషి, కాగితం చూసి తలూపారు. మామ్మగారే ఒప్పుకోలేదు. "మా నాన్న బంగారమనే పెట్టాడు" అన్నారు. యాభై ఏళ్ళకి పైగా ఆ ఇంట్లో అది బంగారు వాచీ. నిన్నగాక మొన్న అద్దెకి దిగినవాణ్ణి, కాదనడానికి నేనెవరిని? నిజం చెప్పొద్దూ, చెమటలు పట్టాయి. మీ నాన్నగారు మోసపోలేదండీ, స్టీలు, తొడుగు, అసలు బంగారం అని కంపెనీవాళ్ళే మూడు రకాలు చేసేవారు, మన చెమటకి స్టీలు మూతే గట్టిది అని చెప్పాను. ఆవిడ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయారు.

అప్పుడు మాస్టారికి రెండో సగం చెప్పాను. ఇది చెప్పకపోతే ముప్పాతిక గ్రాము రేటుకే వాచీ నాకొచ్చేదేమో! మచ్చలు పడ్డ ఆ డయలు ఒరిజినల్. భూతద్దంలో చూస్తే అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయి, కింద స్విస్ మేడ్ అన్నది సరిగ్గా మధ్యలో ఉంది, ఒమేగా గుర్తు రంగుతో వేసింది కాదు, విడిగా చేసి అతికించింది. అద్దం నడిమధ్య కూడా అదే గుర్తు పిసరంత ఉంది. తెలిసిన వాచీ మెకానిక్ చేత మూత తెరిపిస్తే లోపల రాగిరంగు 552 మిషను, 24 రాళ్ళు, 24 మిలియన్లతో మొదలయ్యే నంబరు. అంటే 1967 ప్రాంతం, పెళ్ళి సంవత్సరానికి సరిపోయింది. పాత డయలుకి రంగులేసి, దొరికిన ముక్కలన్నీ కలిపి కట్టిన మన దేశపు వాచీలని వాచీల లోకంలో "ముంబై స్పెషల్" అని వెక్కిరిస్తారు. రేపు పాలిష్‌వాడి దగ్గరికి వెళ్ళుంటే దీనికీ అదే గతి. కొమ్ముల అంచులు ఇప్పటికే ఒకచోట అరిగి స్టీలు తొంగిచూస్తోంది. పాలిష్ చక్రం పెడితే ఆ రేకు ఇంకా తినేస్తుంది. పోయిన తొడుగుని మళ్ళీ తొడగడం కుదరదు, పైన పూత పూసుకోవడమే.

నేను నలభై అయిదు వేలు ఇస్తాను, సర్వీసింగు ఖర్చు కూడా నాదే అన్నాను. వంటింట్లోంచి మామ్మగారి గొంతు. "బంగారం కాదన్నావుగా నాయనా, మరి అంతెందుకిస్తావ్?"

నేనూ మాస్టారూ మొహమొహాలు చూసుకున్నాం :)

దసరాకి పెద్దమనవడు వస్తాడట. వాడు వద్దంటేనే నాకు. ఈలోపు వాచీ ఆ మెకానిక్ దగ్గరే ఉంది. విప్పి, కడిగి, నూనె వెయ్యమన్నాను. డయలు ముట్టుకోవద్దు, పాలిష్ పెట్టొద్దు అని చీటీ రాసి డబ్బాకి అంటించి మరీ వచ్చాను.