నీలినీళ్ళ లోయలో మూడు రాత్రులు

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అనంతపురంలో నీళ్ళను బిందెలతో లెక్కపెట్టుకుని బతికినవాణ్ణి. అమెరికాలో, ఫీనిక్సులో ఉంటున్న మా అబ్బాయి “ఎడారిలో ఈతకు పోదాం” అంటే నవ్వొచ్చింది. “దిగి చూశాక నవ్వు నాన్నా” అన్నాడు వాడు.

దిగడమంటే మాటలు కాదు. ఆరిజోనా రాష్ట్రంలో గ్రాండ్ కాన్యన్ అనే మహాలోయకు హవాసు అని ఒక పిల్లలోయ ఉంది. కారు కొండ అంచుదాకానే పోతుంది. అక్కడినుంచి సుపాయి అనే ఊరికి 8 మైళ్ళు, ఊరినుంచి గుడారాలు వేసుకునే చోటికి ఇంకో 2 మైళ్ళు. ఆ ఊరికి ఇప్పటికీ ఉత్తరాలు కంచరగాడిదల మీదే వెళతాయి.

సెప్టెంబరు మొదట్లో, తెల్లవారకముందే బయలుదేరాం. ఎర్రటి బండలు, ఎర్రటి దుమ్ము. మా ఆవిడ సగం దారిలో ఒక రాయిమీద చతికిలబడి, “ఏమండీ, వీడు మనల్ని యాత్రకు తెచ్చాడా, శిక్షకు తెచ్చాడా?” అంది.

ఊరు దాటాక నీళ్ళ హోరు వినబడింది. మలుపు తిరిగేసరికి మా ఆవిడ కాళ్ళనొప్పులు మరిచిపోయింది. నూరడుగుల ఎర్రటి కొండమీదినుంచి తెల్లగా దూకుతోంది హవాసు జలపాతం. కింద మడుగు నెమలిపింఛం రంగు! ఆ నీళ్ళలో కరిగివున్న సున్నమే ఆ రంగుకు కారణమట. మడుగులకు గట్లు కట్టేదీ ఆ సున్నమే. మా ఇంట్లో బోరునీళ్ళు కాచిన గిన్నె అడుగున పేరుకునేదీ అదే కదా!

మా ఆవిడకు చిన్నప్పుడు పుట్టింటి దిగుడుబావిలో వీపుకు బెండు కట్టి ఈత నేర్పారు. నీళ్ళలోకి దిగి నలభై ఏళ్ళు దాటింది. ఒడ్డున నిలబడి, “ఈ నీళ్ళెవరివిరా? అడిగి దిగాలి కదా” అంది.

“అనుమతి తీసుకునే వచ్చామమ్మా. అది లేనిదే ఎవర్నీ రానివ్వరు. ఒక్కపూట చూసి పోతామన్నా కుదరదు” అని, వాడు ఆ నీళ్ళవాళ్ళ కథ చెప్పాడు. హవాసుపాయి అంటే నీలాకుపచ్చ నీళ్ళ మనుషులని అర్థం. వాళ్ళు వేసవిలో లోయలో పంటలు వేసుకుని, చలికాలం పైన మైదానాల్లో వేటాడి బతికేవారు. 1882లో ప్రభుత్వం వాళ్ళకు లోయ అడుగున 518 ఎకరాలు మాత్రం మిగిల్చింది. పోయిన భూమిలో సుమారు 1,85,000 ఎకరాలు 1975లోగాని తిరిగి రాలేదు.

అంతా విని, మా ఆవిడ నీళ్ళకు దండం పెట్టి మెల్లగా దిగింది. రెండు నిమిషాల్లో మడుగు నడుమ ఉంది. నేను ఒడ్డున తువ్వాలు పట్టుకు నిలబడ్డాను. నాకు ఈత రాదు.

మర్నాడు మా వాడు దిగువనున్న మూనీ జలపాతానికి పోయాడు. అది ఇంకా ఎత్తు. సొరంగాల్లో దూరి, గొలుసులు పట్టుకుని, తడి నిచ్చెనలమీద దిగాలి. మేము పైనుంచే చూసి, వాడు తిరిగివచ్చేదాకా మాట్లాడుకోలేదు.

మూడోరాత్రి మా గుడారం పైన చుక్కలే. దూరాన మాత్రం మెరుపులు. ఊరివాడొకాయన దీపం పట్టుకుని వచ్చి, అందర్నీ మెరక మీదికి పొమ్మన్నాడు. వాన ఇక్కడ పడనక్కరలేదట. ఎక్కడో పీఠభూమిమీద కురిస్తే, వరద ఈ ఇరుకులోకి దూసుకువస్తుంది. 2008 ఆగస్టులో అలాగే వచ్చి వాగు దారి మార్చేసింది. నవాహో అనే జలపాతం ఎండిపోయి, పక్కనే కొత్తవి పుట్టుకొచ్చాయి.

బండమీద దుప్పట్లు కప్పుకు కూర్చున్నాం. “ఇంత భయం పెట్టుకుని వీళ్ళిక్కడే ఎందుకుండాలి?” అన్నాను.

“కరువొచ్చిందని మనం అనంతపురం వదిలామా?” అంది మా ఆవిడ.

ఆ రాత్రి వరద రాలేదు. తెల్లారేసరికి వాగు ఎప్పటిలా నీలంగా ఉంది. ఆవిడ మరోసారి మునిగి, తడికొంగుతోనే నడక మొదలుపెట్టింది.

ఇంటికి వచ్చాక గిన్నె అడుగున సున్నం గీకేటప్పుడు ఆవిడ మునుపటిలా విసుక్కోవడంలేదు. నేనేమో మా వీధి చివరి కొలనులో, అరవై దాటిన వయసులో, పిల్లలు నవ్వుతుండగా ఈత నేర్చుకుంటున్నాను.