ఒకే రంగు... ఊరికో తీరు!

జూన్ నెలలో లాంగ్‌బీచ్‌కి తెల్లవారడం ఆలస్యం. ఎనిమిదైనా సూర్యుడి జాడ ఉండదు. పసిఫిక్ మీదుగా పాకివచ్చిన మబ్బు రేవులోని క్రేన్ల మెడల దాకా దిగి నిలబడుతుంది. ఇక్కడివాళ్లు దీన్ని ‘జూన్ గ్లూమ్’ అంటారు. ఇలాంటి పూట కార్లకు రంగులేసే చిన్న షెడ్డులో అనుభవమున్న పెయింటరు ముందుగా చూసేది కారుని కాదు... గోడకున్న తేమ మీటరుని!

ఎందుకంటే ఆయన గన్‌లో పోసుకోబోయేది నీటి రంగు. థిన్నర్‌కి బదులు ప్రధానంగా నీటితో తయారైన బేస్‌కోటు. గాలిలో తేమ ఎక్కువుంటే అది ఓ పట్టాన ఆరదు. తడి బట్టలు వర్షాకాలంలో ఎలా మొండికేస్తాయో అచ్చం అలాగే. లాంగ్‌బీచ్ నుంచి తూర్పుగా శాన్ బెర్నార్డినో దాకా నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. ఆ దారిలో ఒకే డబ్బాలోని రంగు ఒక్కో ఊళ్లో ఒక్కోలా ప్రవర్తిస్తుంది. ఆ రంగు ఇక్కడికి ఎందుకొచ్చిందో కూడా ఈ దారే చెబుతుంది.

పట్టపగలు చీకటి

1943 జులైలో ఒకరోజు లాస్ ఏంజెలెస్‌ని ఘాటైన పొగ కమ్మేసింది. కళ్లు మండాయి. గొంతులు పట్టేశాయి. రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు కదా, జపాన్ వాళ్లు విషవాయువు వదిలారేమోనని కొందరు హడలిపోయారట. నిజానికి శత్రువు ఊళ్లోనే ఉన్నాడు. పాసడీనాలోని కాల్‌టెక్‌లో అనాసపండు వాసన మీద పరిశోధన చేస్తున్న డచ్ శాస్త్రవేత్త ఆరీ హాగెన్‌స్మిట్ 1950ల మొదట్లో గుట్టు విప్పారు. వాహనాల పొగ, పెట్రోలు, ద్రావకాల ఆవిర్లు... ఇవన్నీ ఎండలో కలిసి ఓజోన్‌గా మారుతున్నాయని తేల్చారు. ఆకాశంలో పైన ఉంటే గొడుగులా కాచే ఓజోన్ నేల మీద ఉంటే ఊపిరితిత్తులను కోస్తుంది.

ఊరి అమరిక కూడా అలాంటిదే. పడమట సముద్రం, ఉత్తరాన, తూర్పున శాన్ గాబ్రియెల్, శాన్ బెర్నార్డినో కొండలు. సముద్రపు గాలి పగలంతా ఆవిర్లను లోపలికి నెడుతుంది. కొండలు అడ్డుపడతాయి. పైన వేడిగాలి మూతలా కప్పేస్తుంది. తీరంలో గాలిలో కలిసిన థిన్నర్ మధ్యాహ్నానికి రివర్‌సైడ్, శాన్ బెర్నార్డినో పిల్లల ఊపిరిలో తేలుతుందన్నమాట.

పాతకాలం మెటాలిక్ బేస్‌కోటులో సింహభాగం ద్రావకమే. కారు మీద మిగిలేది కొంచెం, ఆవిరయ్యేది బోలెడంత. అందుకే ఇక్కడి గాలి నాణ్యత జిల్లా 2008 జులై నుంచి రంగు కోటుకు హద్దు గీసింది. ఆవిరయ్యే పదార్థాలు లీటరుకి 420 గ్రాములు దాటకూడదంది. ఈ లెక్కలో నీటిని తీసేసి చూస్తారు. ‘నీటి రంగే వాడండి’ అని నిబంధనలో లేదు. కానీ ఆ హద్దులో ఇమిడే తేలిక మార్గం అదే అయింది. ఐరోపాలో ఇదే అంకె 2007 జనవరి నుంచే అమల్లోకి వచ్చింది.

న్యూస్‌పేపరు పనికిరాదు!

కొత్త రంగు రాగానే పాత చేతులు తడబడ్డాయి. ఏళ్ల తరబడి అలవాటైన పనులన్నీ మార్చుకోవాల్సి వచ్చింది. మన విజయవాడ ఆటోనగర్ షెడ్డుల్లో అద్దాలకీ లైట్లకీ పాత దినపత్రికలు అంటించి రంగు కొట్టడం చూస్తుంటాం. నీటి రంగుతో ఆ పప్పులుడకవు. కాగితం నానిపోతుంది, రంగు కిందికి దిగుతుంది. దీనికోసం నీరు పీల్చని కాగితమో, ప్లాస్టిక్ పొరో కావాలి. మామూలు వడపోత గరాటూ అంతే. జిగురు నీళ్లకి కరిగిపోతే మొత్తం చేతిలోకి ఊడివస్తుంది.

గన్ లోపల ఇనుము ఉండకూడదు, తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు దారులుండాలి. ముక్కు సాధారణంగా 1.2 నుంచి 1.4 మిల్లీమీటర్లు. ఎక్కువ గాలి, తక్కువ ఒత్తిడితో పనిచేసే హెచ్‌వీఎల్‌పీ గన్ అయితే మూతి దగ్గర ఒత్తిడి 10 పీఎస్ఐ మించదు. రంగు గాల్లోకి ఎగిరిపోకుండా రేకుకి పట్టుకుంటుంది. కంప్రెషర్ గాలిలో నూనె చుక్క ఉన్నా చేపకళ్లలా గుంటలు తేలతాయి. కాబట్టి ఫిల్టరు మీద పిసినారితనం కుదరదు. రేకును ముందు జిడ్డు తీసే ద్రవంతో, తర్వాత నీటి ఆధారిత క్లీనరుతో తుడవాలి. గీసిన చోట ఇనుము బయటపడితే ప్రైమర్ లేకుండా రంగు వేయకూడదు.

ఆ తర్వాత పలచగా ఒక కోటు, దాన్ని ఆరబెట్టి మరో కోటు. మెటాలిక్ అయితే చివర్లో గన్‌ని కాస్త దూరం జరిపి, ఒత్తిడి తగ్గించి పొడిపొడిగా ఒక తుంపర. అల్యూమినియం రేణువులు సమంగా పరుచుకునేది దీనితోనే. తొందరపడి తడి మీద తడి కొడితే అవి గుంపులు కట్టి మచ్చలు పడతాయి. తడిగా నిగనిగలాడే రంగు పూర్తిగా ఆరితే మెరుపు పోయి సున్నం కొట్టినట్టు వెలవెలబోతుంది. అదీ గుర్తు! ఆ వెలవెల అంతటా రాకముందే పైన క్లియర్ కోటు కొట్టారా... లోపల చిక్కుకున్న నీరు ఇవాళ కాకపోతే రేపు బుడగలై లేస్తుంది. కూలీ పోతుంది, డబ్బా పోతుంది, వాడుకదారు కూడా పోతాడు.

కొండ దిగువకి వెళ్తే...

లాంగ్‌బీచ్ నుంచి బయల్దేరితే కాసేపటికే ఆర్టీషియా. ‘లిటిల్ ఇండియా’గా పేరుపడిన పయనీర్ బులవార్డ్ ఇక్కడే. దక్షిణ కాలిఫోర్నియా తెలుగు కుటుంబాలు కూరలకీ చీరలకీ వచ్చే వీధి. ఇంకా ఉత్తరానికెళ్తే తూర్పు లాస్ ఏంజెలెస్, నేలను తాకేంత కిందికి దింపిన లోరైడర్ కార్ల పుట్టిల్లు. గులాబీలు చిత్రించిన 1964 నాటి ఇంపాలా ‘జిప్సీ రోజ్’ ఈ వీధుల్లోనే పేరు తెచ్చుకుంది. ఇక్కడ కారు రంగంటే ఇంటిపేరంత గౌరవం.

మధ్యాహ్నానికి రివర్‌సైడ్ చేరితే మబ్బు మాయం. ఎండ చురుక్కుమంటుంది. గాలి పొడిబారి ఉంటుంది. పొద్దున తీరంలో ఎంతకీ ఆరని రంగు ఇక్కడ రేకు మీద పడకముందే ఆరిపోతానంటుంది! గరుకు తేలుతుంది. ఎడారి నుంచి శాంటా ఆనా గాలులు వీచే రోజుల్లో ఇంకా కష్టం. అప్పుడు నెమ్మదిగా ఆరే ద్రవం కలుపుతారు, పొద్దున్నే పని ముగిస్తారు. అదే తీరంలోనైతే వేడి పెంచితే చాలదు, గాలి ఆడాలి. రంగు మీదుగా ఏటవాలుగా గాలి ఊదే బ్లోయర్లు అందుకే. 20-25 డిగ్రీల వేడి, మధ్యస్థంగా తేమ ఉంటే ఈ రంగుకి పండగే.

నీటి రంగు కదా అని...

సొంత గ్యారేజీలో కారుకి రంగేసుకోవాలని సరదాపడేవాళ్లు ఇక్కడ తక్కువేం కాదు. చాలా ఊళ్లలో ఇళ్ల మధ్య కార్లకు స్ప్రే చేయడానికి స్థానిక నిబంధనలు ఒప్పుకోవు. ఒప్పుకున్నా అసలు ప్రమాదం వేరే ఉంది. నీరు ఉన్నది బేస్‌కోటులోనే. మెరుపు కోసం పైన కొట్టే క్లియర్‌ కోటులో ద్రావకం, గట్టిపరిచే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. వృత్తి వల్ల వచ్చే ఆస్తమాకు ముఖ్య కారణాల్లో ఇవి ఒకటి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత కాస్త పీల్చినా ఆయాసమే. ముక్కుకి కట్టుకునే రుమాలు దీన్ని ఆపలేదు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు కావాలి. పైగా ఇక్కడి గ్యారేజీల్లో గ్యాస్‌తో నడిచే వాటర్ హీటర్లుంటాయి. ఆ చిన్న మంట పక్కన క్లియర్ ఆవిర్లు చేరితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

గన్ కడిగిన నీళ్లూ కాలువలో పోయకూడదు. ప్రత్యేకమైన పొడి కలిపితే రంగు ముద్ద కట్టి విడిపోతుంది. దాన్ని వడగట్టి, థిన్నర్ వ్యర్థాలతో కలపకుండా విడిగా అప్పగించాలి.

మన దగ్గర ఖరీదైన కార్ల సర్వీసు సెంటర్లు కొన్ని నీటి రంగుకి మారినా, చిన్న షెడ్డుల్లో రాజ్యం ఇంకా థిన్నర్‌దే. రుమాలు కట్టుకుని రోజంతా ఆ వాసనలో బతికే కుర్రాళ్లు ఆటోనగర్లలో ఎందరో! రంగు మారినా మారకపోయినా, మంచి మాస్కుకి మాత్రం ఏ చట్టం కోసమూ ఆగక్కర్లేదు.

సాయంత్రం శాన్ బెర్నార్డినోలో కొండల వైపు చూస్తే కొన్నిరోజులు అంచులు స్పష్టంగా, కొన్నిరోజులు గోధుమరంగు తెర చాటున కనిపిస్తాయి. పోరు ఇంకా ముగియలేదు. ఓజోన్ ఒకప్పటికన్నా బాగా తగ్గినా అమెరికా ప్రమాణాన్ని ఈ ప్రాంతం ఇంకా అందుకోలేదు. ఒక పెయింటరు గన్‌లోని నాలుగు గరిటెల థిన్నర్‌తో ఇది తేలే లెక్క కాదు. కానీ తీరంలో ఎక్కడో రంగు వెలవెలబోయేదాకా ఓపిగ్గా ఆగిన ఆ చేతికి, ఇక్కడ కొండ కనిపించిన రోజున కాస్త వాటా ఉంటుంది.