రాళ్లకు రెండు కన్నులు

పులిజూదము, పచ్చీసు, వామనగుంటలు ఎరుగని యిల్లు మన పెద్దల కాలమున అరుదు. "గో" అను నాటను మాత్రము సోదరీమణులలో పెక్కండ్రు వినియుండరు. ఇది చైనా దేశమున పుట్టి, కొరియాకును జపానుకును వ్యాపించిన మిక్కిలి ప్రాచీనమైన యాట. పదునొకండవ శతాబ్దపు తొలినాళ్లలో మురసకి షికిబు అను విదుషి జపాను భాషలో రచించిన గెంజీ కథలో ఇరువురు స్త్రీలు దీపము దగ్గర కూర్చుండి గో ఆడుచుండిన ఘట్టమొకటి కలదు. మన కాలముననే చైనా దేశపు రుయ్ నైవెయ్ అను నామె 2000వ సంవత్సరమున కొరియాలోని గుక్సు బిరుదమును పురుషులతో పోరి గెలిచినది. ఇది మగవారి యాట యని యెవరైన ననినచో ఈ రెండు మాటలు చాలును.

నేను వ్రాయదలచినది ఆ యాటను నేర్పు లెక్కల పుస్తకములను గూర్చి. అయినను ముందు ఆట స్వరూపము కొంత చెప్పక తప్పదు. పలకపై నిలువున 19, అడ్డముగా 19 గీతలుండును. అవి కలియు 361 కూడళ్లపై ఒకరు నల్లరాయి, ఒకరు తెల్లరాయి వంతులవారీగా పెట్టుచుందురు. క్రొత్తవారికి 9 గీతల చిన్న పలక చాలును. ఎక్కువ తావు చుట్టుకొన్నవారిది గెలుపు. పెట్టిన రాయి కదలదు. దాని ప్రక్కనున్న ఖాళీ కూడళ్లను చైనావారు ఊపిరి యందురు. ఆ ఊపిరులన్నియు శత్రువు మూసినచో రాయి పలక విడిచి పోవలెను. మన పులిజూదమున మేకలు పులిని కట్టివేయునట్లే యనుకొనుడు. ఇందు మాత్రము ఉభయపక్షములును మేకలే, ఉభయపక్షములును పులులే!

చుట్టుముట్టబడిన గుంపు బ్రదుకవలెనన్న లోపల వేరువేరుగా రెండు ఖాళీలు నిలుపుకొనవలెను. వీనిని కన్నులందురు. ఒంటికన్ను గుంపును వెలుపల నంతటను మూసి, కడపట ఆ కంటిలోనే రాయి పెట్టి ఎత్తివేయవచ్చును. కన్నులు రెండైనచో ఒకే వంతులో రెంటిని పూడ్చుట యెవరి తరమును గాదు. ఈ గుంపు బ్రదుకునా, చచ్చునా యని యడుగు చిత్రములనే జపానువారు త్సుమేగో అందురు.

2019లో నేను మా అమ్మాయి పురిటికై జపానులోని కోబే నగరమునకు పోయి మూడు మాసములుంటిని. అల్లుడు ఉదయము పోయి రాత్రికి వచ్చును. తల్లియు బిడ్డయు నిద్రించు వేళ నాతో మాటలాడు ప్రాణి లేదు. పొరుగింట డెబ్బది దాటిన యొక యవ్వగారుండెడివారు. ఆమె వంగి నమస్కరించును, నేను చేతులు జోడింతును. అంతటితో మా సంభాషణ ముగియును. ఒకనాడు ఆమె చిన్న పలకను, రెండు గిన్నెల రాళ్లను, పలుచని పుస్తకము నొకదానిని తెచ్చి నా ముందుంచెను. పుస్తకమున మాటలు బహు స్వల్పము, అన్నియు చిత్రములే. ముందు నల్లవారి వంతు అని తెలిసిన చాలును, భాషతో పనిలేదు.

మొదటి పుటలలోని లెక్కలు చంటిపిల్లల కిచ్చునట్టివి. గుంపులో మూడు ఖాళీలు వరుసగా నున్నవి. నడిమిదానిలో తనవాడు ముందు పెట్టిన ఇరుప్రక్కల రెండు కన్నులేర్పడును. శత్రువు పెట్టిన చావే. నాలుగు ఖాళీలు వరుసగా నున్నచో భయము లేదు: నడిమి రెంటిలో శత్రువొకదానిని పట్టిన, తాను రెండవదానిని పట్టును. ఆ నాలుగే చతురస్రముగా ముద్దగట్టి యున్నచో, వంతు తనదైనను గుంపు దక్కదు. ఇల్లు ఎంత యున్నదని కాదు, గదులు విడదీయుటకు వీలున్నదా యనియే చూడవలెనని ఇల్లు దిద్దుకొన్న యాడుదానికి ఒకరు చెప్పనక్కరలేదు.

ఈ పుస్తకములకు మెట్లుండును. ఆటగాండ్రను 30వ క్యూ నుండి 1వ క్యూ వరకును, ఆపైన దాన్ అను తరగతులుగను లెక్కింతురు. కానో యొషినొరి యను గురువు క్రొత్తవారికై నాలుగు భాగములు కూర్చుచు 30వ క్యూ నుండియే యారంభించెను. కొరియాలో పుట్టి జపానులో కీర్తి గడించిన చో చికున్ కూర్చిన చావుబ్రదుకుల సంపుటములలో తొలి భాగముననే 900 లెక్కలు కలవు. కొండకొమ్మున నున్న గ్రంథము వేరు: 1713లో ఇనౌయే యింటి పెద్దయగు దోసెత్సు ఇన్సెకి కూర్చిన ఇగో హత్సుయోరోన్. అందలి 183 లెక్కలను ఆ యింటివారు చిరకాలము పైవారికి చూపక దాచిరి. మా అల్లుడు నాయందలి ప్రీతితో దానినే తెప్పించెను. నేనొక లెక్కను మూడు దినములు చూచి, గౌరవముతో గుడ్డ చుట్టి బీరువాలో పెట్టితిని. కష్టమైనవి చేసిననే బుద్ధి పదునెక్కునని చెప్పువారు కలరు. కంటితో తుదిదాక చూడలేని లెక్క మనకు నేర్పునది కొంచెమని నా యభిప్రాయము.

అవ్వగారి నియమములు రెండు. రెంటిని సైగలతోనే తెలిపెను. చేత రాయి తీసికొనకుండ, నేనిట్లన్న వాడట్లనునని తుదివరకు మనసులోనే నడపవలెను. అట్లు నడపక ముందు సమాధానపు పుట త్రిప్పరాదు. అన్నము ఉడుకునంతలో ఒక లెక్క, బిడ్డ యుయ్యెల నూపుచు మరియొక లెక్క. పుస్తకము ముగిసినచో మరల మొదటి పుట.

నా పట్టుదలకు వేరొక కారణము కలదు. అది మా అమ్మాయికిని చెప్పలేదు. నా తల్లి కడపటి యేండ్లలో మతిమరపుచే మా పేర్లు మరచెను. కన్నకూతురిని "ఎవరమ్మా నీవు?" అని మర్యాదగా నడుగుచుండెడిది. అరువది దాటిన నాటినుండి తాళపుచెవి కనబడనిచో నా గుండె ఝల్లుమనును. లెక్కలు చేసిన ఆ జబ్బు రాదని నేను చెప్పను. చెప్పుటకు నేను వైద్యురాలను గాను. రెండవమారు చదువునపుడు కొన్ని లెక్కలు చూచినట్లే గుర్తులేదు. మొదట చేతులు చల్లబడెను. తరువాత నిదానముగా చూడగా, సమాధానము గుర్తునకు రాలేదు గాని మరల దొరికినది. నిన్న దొరికిన త్రోవనే నేడు క్రొత్తగా త్రొక్కితిని. జ్ఞాపకము వేరు, కనుగొను శక్తి వేరు అని ఆనాడు తెలిసినది. నాకు తగిన మెట్టుమీది లెక్క గనుకనే అది దొరికినది. పైమెట్టుదైన నా భయము నిజమనియే నమ్మియుందును.

బయలుదేరుటకు నాలుగు దినముల ముందు ఆమెతో చిన్న పలకపై ఆడితిని. ఆట నాకు పోయెను. కాని మూలనున్న నా గుంపులో ఆమె రాయి పెట్టినంతనే, ఆమె చేయి వెనుకకు పోకముందే పెట్టవలసిన తావు నాకు కనబడెను. పెట్టితిని. ఆమె తెల్లరాళ్లు సర్దుట మాని, ఆ మూల వంక వ్రేలు చూపి తల వంచెను.

2016లో యంత్రమొకటి లీ సెడోల్ అను మహావీరుని అయిదాటలలో నాలుగింట నోడించినది. నేడు చేతి ఫోనులోనే సమాధానము నిమిషములో దొరకును. అవ్వగారు మాత్రము ఏటేట నూతన సంవత్సరపు కార్డుపై ఒక లెక్క గీసి పంపును, సమాధానముండదు. నేను గుర్తు పెట్టి తిరుగుటపాలో పంపుదును. ఈయేటిది పదిదినములైనను తెమలలేదు. "అత్తయ్యగారూ, ఫోనులో చూచి చెప్పెదనా?" యని అల్లుడు దూరమునుండి పలుకరించెను. "వలదు నాయనా, ఇంకను చూచుచున్నాను" అంటిని.