బొమ్మ కింది అంకె

పిల్లలూ, మీ ఇంట్లో గోడకు రంగుల కాలెండరు ఉన్నదా? ఉంటే ఒక భూతద్దం తీసుకొని, దానిమీది బొమ్మను బాగా దగ్గరగా చూడండి. దేవుడి బొమ్మ అయినా సరే, పులి బొమ్మ అయినా సరే, అంతా సన్నని చుక్కలుగా విడిపోతుంది. ఆ చుక్కలు సాధారణంగా నాలుగే రంగులు: ఒకరకం నీలం, గులాబికి దగ్గరైన ఎరుపు, పసుపు, నలుపు. పులి ఒంటిమీద మనకు నారింజరంగు కనిపిస్తుంది గాని, అక్కడ ఉన్నవి పసుపు చుక్కలూ, ఎర్ర చుక్కలూ మాత్రమే. వాటిని కలిపి నారింజ అనుకునేది మన కన్ను.

నేను కొన్నేళ్లుగా ఇట్లాంటి అచ్చుబొమ్మలు సేకరిస్తున్నాను. తపాలాబిళ్లలు సేకరించేవారినీ, నాణేలు సేకరించేవారినీ మీరు చూసే ఉంటారు. నేను సేకరించేవి రాబర్ట్ బేట్‌మన్ అనే కెనడా చిత్రకారుడు వేసిన జంతువుల, పక్షుల బొమ్మలు. మా అమ్మాయి కాపురం టొరంటో నగరం దగ్గర. అక్కడికి వెళ్లినప్పుడల్లా ఒకటో రెండో సంపాదించాను. ఇప్పటికి ఆరు అయినాయి.

ఈ బేట్‌మన్ కథ మావంటి పంతుళ్లకు ముచ్చటగా ఉంటుంది. ఆయన 1930లో టొరంటోలో పుట్టాడు. ఇరవై ఏళ్లపాటు హైస్కూలు పిల్లలకు భూగోళమూ, చిత్రలేఖనమూ చెప్పాడు. 1957లో ఒక స్నేహితుడితో కలిసి ల్యాండ్‌రోవర్ బండిలో లోకం చుట్టటానికి బయలుదేరి, ఆఫ్రికా చూసుకొని, మన దేశానికి కూడా వచ్చి వెళ్లాడు. మొదట్లో ఆయన నవీన పద్ధతుల్లో, ఏది ఏమిటో పోల్చుకోవటానికి వీలులేని బొమ్మలు వేసేవాడు. 1960ల మొదట్లో బఫెలో నగరంలో ఆండ్రూ వైయెత్ అనే అమెరికా చిత్రకారుడి ప్రదర్శన చూశాక ఆయన మనసు మారింది. గడ్డిపోచను గడ్డిపోచలాగే, ఈకను ఈకలాగే వెయ్యటం మొదలుపెట్టాడు. 1976లో బడిపని మానేసి పూర్తిగా బొమ్మలకే కూర్చున్నాడు. 1981లో ఇంగ్లండు యువరాజు చార్లెస్ పెళ్లికి కెనడా వారు పంపిన కానుక ఈయన వేసిన బొమ్మే. అందులో ఉన్నది లూన్ పక్షుల కుటుంబం. లూన్ అంటే ఆ దేశపు సరస్సుల్లో ఈదే పక్షి. మునిగి చేపలు పడుతుంది. 1987 నుంచి కెనడా డాలరు నాణెంమీద ఆ పక్షే ఉన్నది. అందుకే అక్కడివారు ఆ నాణేన్ని ముద్దుగా "లూనీ" అంటారు.

చిత్రకారుడు చేత్తో వేసిన అసలు బొమ్మ ఒకటే ఉంటుంది గదా! అది నావంటివాడికి అందేది కాదు. అందుకని దాన్ని అచ్చువేసి, కొన్ని ప్రతులు మాత్రమే తీసి, ఒక్కొక్కదాని అంచున చిత్రకారుడు పెన్సిలుతో సంతకం చేస్తాడు. పక్కన 212/950 అని ఒక అంకె ఉంటుంది. మొత్తం 950 ప్రతులు తీస్తే ఇది 212వది అని అర్థం.

ఈ అంకె ఎక్కడినుంచి వచ్చిందో మీకు తెలియాలి. పూర్వం బొమ్మను రాగిరేకుమీద చెక్కి, గీతల్లో సిరా నింపి, కాగితంమీద గట్టిగా ఒత్తేవారు. ఆ ఒత్తిడికి రాగి కొంచెం కొంచెం అరిగిపోయేది. పదో ప్రతిలో పదునుగా ఉన్న గీత, కొన్ని వందల ప్రతులయ్యేసరికి మొద్దుబారేది. అందుచేత ప్రతులు కొద్దిగానే తీసేవారు. ముందు తీసినవాటికి గిరాకీ ఎక్కువ. ఆడుబాన్ అనే ఆయన అమెరికా పక్షుల బొమ్మలు 435 రేకులుగా 1827 నుంచి 1838 వరకు అచ్చువేయించాడు. ప్రతి కాగితానికీ రంగులు మనుషులు చేత్తో అద్దారు. ఆ సంపుటాల ప్రతి ఒకటి 2010లో లండన్ వేలంలో 73 లక్షల పౌండ్లకు పైగా పలికింది!

బేట్‌మన్ బొమ్మల సంగతి వేరు. వీటిలో చాలావాటిని అచ్చువేసిన పద్ధతి మన కాలెండరు పద్ధతే. జిడ్డుకూ నీటికీ పొత్తు కుదరదు గదా. 1796లో జర్మనీలో సెనెఫెల్డర్ ఈ కిటుకుతోనే రాతిమీదినుంచి అచ్చుతీశాడు. ఇప్పుడు రాతికి బదులు లోహపు రేకు ఉంటుంది. రేకుమీద బొమ్మ ఉన్నచోట సిరా అంటుకుంటుంది, మిగతాచోట నీళ్లుండి సిరాను రానివ్వవు. రేకుమీది సిరా రబ్బరుమీదికి, రబ్బరుమీదినుంచి కాగితంమీదికి దిగుతుంది. రేకు కాగితానికి తగలనే తగలదు, కాబట్టి త్వరగా అరగదు. మొదటి ప్రతికీ 950వ ప్రతికీ భూతద్దంలో చూసినా తేడా తెలియదు.

అయితే 950 దగ్గర ఎందుకు ఆగారు? ఆగుతామని మాట ఇచ్చారు గనుక! ఆ అంకె కేవలం ఒక మాట. అందుకే కొందరు పండితులు, ఇవి సంతకం చేసిన పోస్టర్లేగాని అసలైన ప్రింట్లు కావని వాదించారు. ఆ వాదంలో నిజం లేకపోలేదని నా ఉద్దేశం. ఇట్లాంటి వ్యాపారంలో, ఫలానా తేదీలోగా ఎందరు అడిగితే అన్ని ప్రతులు తీస్తామన్న బేరం కూడా ఉండేది. దానికి పరిమితి అనే పేరు ఎట్లా చెల్లుతుందో నాకు బోధపడదు.

1980లలో జనం ఎగబడి కొన్నారు. ధర ఏటికేడు పెరుగుతుందని, పిల్లల చదువులకు పనికివస్తుందని దాచుకున్నారు. తరువాత ధరలు పడిపోయాయి. టొరంటో దగ్గరి పాతసామాన్ల కొట్లలో నాకు దొరికినవాటికి, బొమ్మకు ఇచ్చానో, దాని చట్రానికి ఇచ్చానో చెప్పటం కష్టం.

ఈ మాట మా మనుమడికి రుచించలేదు. వాడికి పదేళ్లు. ఆడుబాన్ సంగతి వినగానే డబ్బాలోని డాలర్లు లెక్కపెట్టి, "తాతయ్యా, నేనూ ఒకటి కొంటాను. పెద్దయ్యాక అమ్ముతాను. చిన్న అంకె ఉన్నది వెతికి పెట్టు," అన్నాడు.

"సరే, ముందు ఇది చూడు," అని వాడిని నా చుక్కల గుడ్లగూబ బొమ్మ ముందు కూర్చోబెట్టాను. నాచుపట్టిన కొమ్మల నడుమ ఆ గుడ్లగూబ ఉంటుంది. జంతువును నడిమధ్యన నిలబెట్టి ఫొటో తీసినట్టు వెయ్యటం బేట్‌మన్‌కు అలవాటు లేదు. చాలా బొమ్మల్లో చెట్టూ, బండా, మంచూ ముందు కనిపిస్తాయి; ప్రాణి తరవాత కనిపిస్తుంది. వాడు చాలాసేపు చూశాడు. నాచు ఎందుకంత దట్టంగా ఉన్నదని అడిగాడు. అది వందల ఏళ్ల వయసున్న, తడి ఆరని అడవి అని చెప్పాను. ఈ గుడ్లగూబ సొంతంగా గూడు కట్టదు. ముసలి చెట్ల తొర్రల్లో గుడ్లు పెడుతుంది. ఎగిరే ఉడతలను తింటుంది. ఆ ముసలి చెట్లను కలపకోసం కొట్టేశారు. పైగా మరో జాతి గుడ్లగూబ వచ్చి మిగిలిన చోటును ఆక్రమించింది. కెనడా అడవుల్లో ఒకప్పుడు వందల జంటలుండేవి. ఇప్పుడు అక్కడ స్వేచ్ఛగా తిరిగేవాటిని లెక్కపెట్టటానికి ఒక చేతి వేళ్లే ఎక్కువ.

వాడు బొమ్మ అంచున ఉన్న అంకెను చదివాడు. "అయితే తాతయ్యా, గుడ్లగూబలకంటె బొమ్మలే ఎక్కువా?" అన్నాడు.

"అవును నాయనా," అన్నాను.

మీరెవరైనా ఇట్లాంటి బొమ్మలు సేకరిస్తే ఒక సంగతి చెబుతాను. వాటికి ఎండ తగలనివ్వకండి, రంగు వెలిసిపోతుంది. వెనక బంక పూసి అట్టకు అతికించకండి. పటం కట్టేటప్పుడు అద్దం బొమ్మను తాకకుండా చుట్టూ అట్ట అంచు పెట్టించండి. వానాకాలంలో చెమ్మ చేరితే కాగితం అద్దానికి అంటుకుపోతుంది. పెన్సిలు రాతను వేలితో తుడవకండి.

మరునాడు మనుమణ్ణి ఆ కొట్టుకు తీసుకువెళ్లాను. వాడు అంకెలున్న పటాలన్నీ తిరిగి తిరిగి చూసి, చివరకు ఒక మూల చుట్టిపెట్టి ఉన్న లూన్ బొమ్మ కొనుక్కున్నాడు. దానిమీద సంతకం లేదు, అంకె లేదు. ఖరీదు రెండు లూనీలు. పటం కట్టించే ఖర్చు మాత్రం నా నెత్తిన పెట్టాడు.