కొండపాక కుడుము చెప్పిన రహస్యం

మీరెప్పుడైనా డిమ్ సమ్ తిన్నారా? మొన్న చవితికి ముందు మా అమ్మాయి హైదరాబాదులో ఒక చైనా హోటలుకు తీసుకెళ్లింది. వెదురు బుట్టలో పొగలు కక్కుతూ నాలుగు తెల్లటి కుడుముల్లాంటివి వచ్చాయి. పల్చటి పొరలోంచి లోపలి రొయ్య కనిపిస్తోంది! వాటిని 'హార్ గావ్' అంటారట. ఒకప్పుడు కాంటన్ అని పిలిచిన గ్వాంగ్జౌలో, హాంకాంగ్‌లో జనం టీ తాగుతూ ఇలాంటి చిరుతిళ్లు తింటారు. పైన మూయకుండా వదిలే 'స్యూ మై' కూడా అందులోదే. డిమ్ సమ్ అంటే 'గుండెను తాకేది' అని అర్థం.

అంత పల్చటి పొర పగలకుండా ఎలా చేస్తారో అనుకున్నాను. జవాబు మా అత్తగారి ఊరు కొండపాకలో దొరికింది!

సిద్దిపేట దగ్గరి ఈ ఊళ్లో కాకతీయుల నాటి రుద్రేశ్వరాలయం ఉంది. చవితినాడు గుడికి వెళ్లొచ్చేసరికి అత్తమ్మ పొయ్యి ముందు కూర్చుంది. "ఈ యేడుతోటి బందు బిడ్డా. చేతులు వణుకుతున్నయ్. అయినా గీ కుడుములు ఇప్పుడు ఎవలు తింటరు?" అంది.

22 ఏళ్ల కాపురంలో తినడమే గానీ ఒక్కసారీ పక్కన కూర్చుని నేర్చుకోలేదు. సిగ్గేసింది. కొంగు బిగించి పీట వేసుకున్నాను.

గ్లాసు నీళ్లలో చిటికెడు ఉప్పు, చెంచా నూనె వేసి మసలనివ్వాలి. గ్లాసు బియ్యప్పిండి పోసి కలిపి, దించి మూత పెట్టాలి. వేడి మీదే తడి చేత్తో మెదపాలి. పిండి పొడిగా ఉందని నేను చల్లనీళ్లు పోయబోతే అత్తమ్మ చెయ్యి పట్టుకుంది. "సల్ల నీళ్లు పోస్తే పగులుతయ్. మసిలే నీళ్లే పొయ్యాలె!"

హార్ గావ్ రహస్యమూ అదే! గోధుమపిండిలోని జిగురు తీసేయగా మిగిలిన గంజిపొడితో ఆ పొర చేస్తారు. మన బియ్యప్పిండిలోనూ ఆ జిగురు ఉండదు. మసిలే నీళ్లు తగిలితేనే గంజి ఉడికి, పిండి చెప్పినట్టు వింటుంది.

దంచిన నువ్వులు, బెల్లం లోపల పెట్టి మూసి, తడిగుడ్డ పరిచిన చిల్లుల గిన్నెలో 12 నిమిషాలు ఆవిరి పట్టాం. నావి మొదటి మూడూ పగిలాయి. నాలుగోది నిలిచింది. పూజయ్యాక అత్తమ్మ దాన్నే తుంచి నోట్లో వేసుకుని, "వచ్చే యేడు నువ్వే చెయ్యాలె, నేను పక్కన కూసుంట" అంది. బందు మాట మళ్లీ ఎత్తలేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి చేతులుంటే ఆలస్యం చేయకండి. వచ్చే చవితికి పక్కన పీట వేసుకుంటారు కదూ!